చరణం అందించిన మనిషి

టీవీ స్టేషన్‌లో పనిచేశానని చెబితే ఇప్పటి పిల్లలు వెంటనే "ఆంటీ, మీరు టీవీలో కనిపించేవారా?" అని అడుగుతారు. లేదమ్మా, నేను కనిపించలేదు. కిటికీ లేని గదిలో రెండు టేపు యంత్రాల ముందు కూర్చుని, కనిపించేవాళ్ళను కోసేదాన్ని. ఎవరు ఎంతసేపు కనబడాలో, ఎవరి మాట ఎక్కడ ఆగాలో నా చేతుల్లో ఉండేది. ఆ అధికారంతో నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యం సంగతి ఇది. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసి.

ఎనభైల మొదట్లో మేము అట్లాంటాలో ఉండేవాళ్ళం. మా ఆయన యూనివర్సిటీ లాబ్‌లో పనిచేసేవారు. నేను కమ్యూనిటీ కాలేజీలో చిన్న కోర్సు ఒకటి చేసి, ఒక పబ్లిక్ టీవీ స్టేషన్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా చేరాను. సినిమాలూ ప్రకటనలూ ఉండని స్టేషన్ అది. చూసేవాళ్ళు ఇచ్చే చందాల మీద నడిచేది. కార్యక్రమం తయారవగానే, షూటింగ్ చేసి తెచ్చిన టేపుల్ని చెరిపేసి మళ్ళీ వాడేవాళ్ళు. చెరపడానికి వెనక గదిలో పెద్ద అయస్కాంతం యంత్రం ఉండేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇంజనీరు ఒకాయన దాని ముందు కూర్చుని, అరలో ఉన్న టేపుల్ని ఒక్కొక్కటే దాని మీద తిప్పి పక్కన పెట్టేవాడు. అరలోకి ఏవి వెళ్ళాలో చెప్పేది మేము. ఆయన ఏదీ అడిగేవాడు కాదు.

ఫిబ్రవరి వచ్చిందంటే మా దగ్గర నల్లవాళ్ళ చరిత్ర మీద వారానికో అరగంట కార్యక్రమం ఉండేది. దానికి ప్రొడ్యూసరు నలభై దాటిన నల్లావిడ. మహా గట్టి మనిషి. మైకు సరిగ్గా పెట్టలేదని స్టేషన్ పెద్దనే అందరిముందూ కడిగేయడం నేను చూశాను. ఆవిడ తెచ్చే టేపుల్లో ఎవరుండేవారనుకున్నారు? బొంతలు కుట్టే ముసలమ్మలు, రైళ్ళలో సామాన్లు మోసి రిటైరయినవాళ్ళు, ఒక్క గది బడిలో ఎనిమిది తరగతులు చెప్పిన పంతులమ్మలు. వాళ్ళను వాళ్ళ ఇంటి ముందుగదిలోనే మంచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, లైట్లు పెట్టి, "మీ నాయనమ్మ గురించి చెప్పండి" అని అడిగేది. వాళ్ళు తాపీగా చెప్పేవాళ్ళు. టీవీ తెర నిండా వాళ్ళ మొహాలే.

మా పేట గుంటూరు జిల్లాలో ఊరికి ఎడంగా, కాలవ అవతల ఉండేది. ఊళ్ళోవాళ్ళకు మాతో పని ఉండేదిగానీ మాట ఉండేది కాదు. మా మామ్మను ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెట్టి, లైట్లు పెట్టి, "చెప్పమ్మా" అని అడిగారా? అడగొచ్చన్న ఆలోచనైనా ఎవరికైనా వచ్చిందా? ఈ దేశంలో ఈ మనుషుల్ని ఎంత అన్యాయంగా చూశారో ఆ టేపుల్లోనే విన్నాను. వాళ్ళే ఇప్పుడు తెర మధ్యలో కూర్చుని నిదానంగా మాట్లాడుతుంటే, నేను పని మానేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. ప్రొడ్యూసరు వెనక నుంచి వచ్చి "హనీ, చూడటానికి కాదు నీకు జీతం" అని నా కుర్చీని ఒక్క తోపు తోసేది.

నేను చేరిన రెండో ఏడు, జనవరి చివర్లో మూడు టేపులు నా దగ్గరికొచ్చాయి. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టా దాటి ఇంకా పైకి వెళితే, మట్టిరోడ్డు చివర ఉన్న ఒక నల్లవాళ్ళ చర్చిలో తీసినవి. ఇప్పుడు అల్ఫారెట్టాలో ఏ సందులో చూసినా మనవాళ్ళే, కరివేపాకు కొట్టుకు వెళ్ళినా పార్కింగ్ దొరకదు. అప్పుడు మాత్రం గుర్రాలు, కంచెలు, ఎండుగడ్డి చుట్టలు, అంతే.

"ఇందులో పాట ఒకటుంది, జాగ్రత్త" అంది ప్రొడ్యూసరు. "అది నడిపించే డీకన్‌గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మార్చిలో గొంతుకి ఆపరేషన్. తర్వాత గొంతు మిగులుతుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. అందుకే ఉన్న పనులన్నీ ఆపేసి వెళ్ళి తీసుకొచ్చాను."

డీకన్ అంటే సంఘపెద్ద. టేపు పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. చెక్క బల్లల మీద నలభై మంది. ఆడవాళ్ళ తలల మీద పెద్ద పెద్ద టోపీలు. పియానో మూత వేసి ఉంది. ముందు వరసలోంచి సన్నటి ముసలాయన లేచారు. చేతిలో పుస్తకం లేదు. ఒక చరణాన్ని ఒక్క గుక్కలో చెప్పారు. అది పాటా కాదు, మాటా కాదు, రెండింటికీ మధ్య. చెప్పి ఆగారు.

అప్పుడు ఆ నలభై మందీ అందుకున్నారు. ఆయన కొద్ది క్షణాల్లో చెప్పిన చరణాన్ని వాళ్ళు అరనిమిషం పాడారు. ఒక్కో అక్షరాన్నీ సాగదీసి, కిందికి దించి, పైకి లేపి, ఒకరి ఊపిరి ఆగినచోట ఇంకొకరు పట్టుకుని. తాళం లేదు, వాద్యం లేదు. ఎవరి దారి వారిదే, అయినా అందరిదీ ఒకటే పాట. ఆ హోరులోంచి మళ్ళీ ఆయన గొంతు లేచింది, రెండో చరణం ఇచ్చింది, మళ్ళీ హోరు. నా ఒళ్ళంతా జలదరించింది. "అయ్యబాబోయ్" అని పైకే అన్నాను. చెయ్యి చూసుకుంటే రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నా జన్మలో మనిషి గొంతు నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు.

మూడుసార్లు విన్నాను. మూడోసారి వింటుండగా గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఇది నాకు తెలుసు. ఈ పద్ధతి నాకు తెలుసు.

మా పేట గుడిలోనూ ఇంతే, చర్చిని గుడి అనేవాళ్ళం మేము. చాపల మీద కూర్చున్నవాళ్ళలో ముప్పాతిక మందికి అక్షరం రాదు. వాక్యం చెప్పే ఉపదేశిగారు లేచి కీర్తనలో ఒక చరణం చదువుతారు, జనం దాన్ని పాడతారు. ఇంకో చరణం చదువుతారు, పాడతారు. చరణం అందించడం అనేవాళ్ళం దాన్ని. నాకు ఎనిమిదేళ్ళప్పుడు టౌన్ సంఘం నుంచి కొంతమంది మా గుడికొచ్చారు. వాళ్ళూ మా కులంవాళ్ళే, నాలుగక్షరాలు ముందు నేర్చుకున్నారు, అంతే తేడా. ఆరాధన అయ్యాక బయట నిలబడి ఒకాయన నవ్వుతూ అన్నాడు: "పాపం, అందిస్తేగానీ పాడలేరు. చంటిపిల్లలకు గోరుముద్దలు పెట్టినట్టు!"

మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత రెండేళ్ళు పేటలో రాత్రిబడి నడిపాడు. పొలం పని చేసి వచ్చినవాళ్ళ చేత పలకలు పట్టించాడు. టౌన్‌కి నడిచివెళ్ళి కీర్తనల పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఒక ఆదివారం గుడిలో లేచి, "ఇవాళ్టి నుంచి మనకెవరూ అందించక్కర్లేదు" అన్నాడు. నేను మొదటి వరసలో పుస్తకం తెరిచి, మా పేటంతా వినబడేలా పాడాను. ఆ గర్వం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఇక నా ఘనకార్యం. బుధవారానికి కార్యక్రమం ఒక కొలిక్కి వచ్చింది. తీరా చూస్తే ఒక నిమిషం పది సెకన్లు ఎక్కువైంది. ప్రొడ్యూసరు వేరే ఊరు వెళుతూ, "పాటలోంచో ఇంకెక్కడినుంచో తీసెయ్, నువ్వు చూసుకో" అని నామీద వదిలేసింది. నేను చూసుకున్నాను. పాటలో డీకన్‌గారు చరణం అందించే ముక్కలు పది. ఒక్కోటి ఏడు సెకన్లు. ఏడు పదులు డెబ్భై. లెక్క అచ్చంగా సరిపోయింది.

లెక్క కోసమే తీశానని చెప్పొచ్చు. అబద్ధమవుతుంది. నిజం ఏమిటంటే, ఆ ముక్కలు చూస్తున్నంతసేపూ ఆ టౌనాయన నవ్వు నా చెవుల్లో వినబడుతూనే ఉంది. ఆదివారం సాయంత్రం ఈ రాష్ట్రంలో ఇంతమంది తెల్లవాళ్ళు టీవీ ముందు కూర్చుని, "పాపం, వీళ్ళకు చదవడం రాదు, అందిస్తేగానీ పాడలేరు" అనుకోరూ? నా ప్రాణం ఒప్పుకోలేదు. ఇంత గొప్పగా పాడే మనుషుల పరువు నేను కాపాడతాను అనుకున్నాను. పాడినదాంట్లో ఒక్క స్వరం పోకుండా, మధ్యలో ఆయన గొంతు మాత్రం తీసేశాను. అతుకు తెలియకుండా చేతుల బొమ్మలు, టోపీల బొమ్మలు, కిటికీలోంచి పడే ఎండ అడ్డం పెట్టాను. ఎంత నున్నగా వచ్చిందో! గురువారం సాయంత్రం, కోయగా మిగిలిన మూడు టేపుల్నీ చెరిపే అరలో నా చేత్తోనే పెట్టి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం డీకన్‌గారిని స్టేషన్‌కి పిలిపించింది ప్రొడ్యూసరు. ప్రసారానికి ముందు ఆయనకు చూపిస్తానని మాటిచ్చిందట. ఆయనతో వాళ్ళ చర్చి పంతులమ్మ ఒకావిడ కూడా వచ్చారు, డెబ్భై పైబడిన మనిషి, ఊదారంగు టోపీ. ఇద్దరూ ఆదివారం బట్టల్లో వచ్చారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "డాటర్, మా పాటను తయారుచేసింది నువ్వేనటగా, దేవుడు నిన్ను దీవించుగాక" అన్నారు. గొంతు అప్పటికే బొంగురుగా ఉంది. నేను పొంగిపోయాను.

టేపు నడిచింది. పాట వచ్చింది, పోయింది. కార్యక్రమం అంతా అయ్యాక డీకన్‌గారు తన టోపీని ఒళ్ళో ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పారు.

"పాట బాగుంది" అన్నారు మెల్లగా. "కానీ డాటర్, వాళ్ళు ఎవరికి పలుకుతున్నారు?"

నాకు అర్థం కాలేదు. ప్రొడ్యూసరుకు అయింది. నా వైపు తిరిగి, "ఆయన గొంతు ఏది?" అంది.

"డెబ్భై సెకన్లు తీయమన్నారుగా" అన్నాను.

"ఆయన్ని తీయమన్నానా నేను?"

నాకూ కోపం వచ్చింది. మేలు చేస్తే ఈ అరుపులేమిటి? "మీకోసమే తీశాను! అందిస్తేగానీ పాడలేరంటే, చదువురానివాళ్ళని జనం నవ్వరా? మా ఊళ్ళో మమ్మల్ని చూసి నవ్వారు. మిమ్మల్ని చూసి నవ్వకూడదని తీశాను" అన్నాను.

ముందు పంతులమ్మగారు నవ్వారు. పెద్దగా, ఊదా టోపీ ఊగేలా. "హనీ, నేను నలభై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆ చర్చిలో కూర్చున్నవాళ్ళలో సగం మందికి అక్షరాలు దిద్దించింది నేనే. ప్రతి బల్ల వెనకా పాటల పుస్తకం ఉంది, నీకు కనపడలేదా?"

కనపడింది. నేను అడ్డం పెట్టిన బొమ్మల్లోనే ఉంది. చేతుల పక్కన, బల్ల వెనక చెక్క అరలో, ఎర్ర అట్టల పుస్తకాలు. నేనే కోసి అతికించాను. చూడలేదు.

డీకన్‌గారు నవ్వలేదు. నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మా తాతల్ని చదవనిచ్చేవాళ్ళు కాదు. చదివితే కొట్టేవాళ్ళు. ఎవరో ఒకడు ఎలాగో ఒక పాట సంపాదించి, దాన్ని పక్కవాడికి ఇచ్చేవాడు. అలా మాకు దొరికాయి పాటలు. ఇప్పుడు అందరికీ చదవడం వచ్చు. అయినా నేను ఇస్తాను, వాళ్ళు పుచ్చుకుంటారు. పుస్తకం చూసి పాడితే ఎవరి పుస్తకం వారిది. ఇలాగైతే కళ్ళు కనపడని ముసలమ్మకు అందుతుంది, నిన్న పుట్టిన పిల్లాడికి అందుతుంది. ఎవరూ బయట ఉండిపోరు. దాన్ని దాచుకోవడం ఎందుకమ్మా? మాకున్నదాంట్లో మంచిది అదే."

ఎవరూ బయట ఉండిపోరు. ఆ మాట విన్నాక నాకు మా మామ్మ గుర్తొచ్చింది.

నాన్న రాత్రిబడికి మామ్మ రాలేదు. కళ్ళకు పొర వచ్చింది, పలక కనపడేది కాదు. అంతకుముందు మా గుడిలో ఆవిడ గొంతే గొంతు. ఉపదేశిగారు చరణం అందించడం ఆలస్యం, ఆవిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు వెనకాల వచ్చేవాళ్ళు. పుస్తకాలొచ్చాక అందించేవాళ్ళు లేరు. ఏ చరణం తర్వాత ఏది వస్తుందో ఆవిడకు తెలియదు. మేమంతా పేజీలు తిప్పుకుంటూ ముందుకెళ్ళిపోయేవాళ్ళం. ఆవిడ చాప మీద పెదాలు బిగించుకుని కూర్చునేది. తర్వాత ఇంకో పన్నెండేళ్ళు బతికింది. ఆవిడ పాడగా మళ్ళీ నేను వినలేదు. వినలేదన్న సంగతి కూడా, ఇదిగో, సముద్రాలు దాటి వచ్చి, ఆ స్టేషన్ గదిలో ఆ నల్లాయన చెబితేగానీ నాకు తట్టలేదు. మా నాన్న తప్పు చేశాడని ఇప్పటికీ అనలేను. ఆ చదువు వల్లే నేను ఇక్కడిదాకా వచ్చాను. కానీ మామ్మ నోరు మూసుకుపోయింది, అదీ నిజమే. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత" అంది ప్రొడ్యూసరు. "అసలు టేపులేవి?"

శుక్రవారం. మధ్యాహ్నం.

చెప్పులు కూడా తీసి చేత్తో పట్టుకుని ఆ నడవలో ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వెనక గదిలో యంత్రం గుర్‌ర్‌మంటోంది. ఇంజనీరు దాని ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన చెరిపేసిన టేపుల దొంతర. "ఆపండి!" అని కేక పెట్టాను. ఆయన ఉలిక్కిపడి చెయ్యి పైకెత్తేశాడు. దొంతరలో పైనే మా టేపు ఒకటుంది. ఆయన చేతిలో రెండోది. అరలో మూడోది.

మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని నా గదికి తెచ్చాను. వాటి మీద నంబర్లే తప్ప ఏ టేపులో ఏముందో రాయలేదు, నా బద్ధకం. దొంతరలోది యంత్రంలో పెట్టాను. తెరంతా తెల్లటి చుక్కలు, సర్రుమనే చప్పుడు. ఇంకేం లేదు. డీకన్‌గారు నా వెనకే నిలబడి ఉన్నారు. మార్చి తర్వాత ఆ గొంతును మళ్ళీ తేవడం ఎవరి తరమూ కాదు. "ప్రభువా, ప్రభువా" అంటూ రెండోది పెట్టాను. మట్టిరోడ్డు, ఎండుగడ్డి, చర్చి బోర్డు. బయట తీసినది. అంటే పోయినది ఇంటర్వ్యూ టేపా, పాట టేపా? మూడోదాన్ని పెట్టకుండా పట్టుకుని కూర్చున్నాను. ప్రొడ్యూసరే నా చేతిలోంచి తీసుకుని పెట్టింది.

సన్నటి ముసలాయన లేచారు. ఒక్క గుక్కలో చరణం చెప్పారు.

"ఆఁ, అదీ!" అన్నారు పంతులమ్మగారు. పోయినది ఇంటర్వ్యూ టేపు, అందులో కావలసిన ముక్కలు అప్పటికే కార్యక్రమంలోకి ఎక్కాయి.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నారు. ఇంకోరోజైతే ఆ మాటకు ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ రోజు నోరెత్తలేదు. ఎత్తడానికి మొహం ఎక్కడిది?

శనివారం ఉదయం నుంచి నేనూ ప్రొడ్యూసరూ పక్కపక్కనే కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. ఆ రోజుల్లో మధ్యలో ఒక ముక్క పెట్టాలంటే అక్కడినుంచి చివరిదాకా అంతా మళ్ళీ టేపు మీదికి ఎక్కించాల్సిందే. ఒక్కో చరణం వెనక్కి పెడుతుంటే పాటకు ప్రాణం తిరిగొస్తున్నట్టు నాకే తెలుస్తోంది. ఇప్పుడు అర్థమైంది, నేను మొదట విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది ఎక్కడో. ఆయన ఆగుతారే, ఆ ఆగిన అరక్షణంలో. ఇస్తే పుచ్చుకుంటారని ఆయనకున్న ఆ నమ్మకంలో.

మరి ఆ డెబ్భై సెకన్లు ఎక్కడినుంచి తీయాలి? ప్రొడ్యూసరు క్షణం ఆలోచించలేదు. మొదట్లో తను చర్చి ముందు నిలబడి, కెమెరా వైపు చూస్తూ చేసిన పరిచయం ఉంది. మంచి ముక్క. కొత్త కోటు వేసుకుని మరీ చేసింది. "అది తీసెయ్" అంది.

"మీరు అసలు కనపడరు కదండీ" అన్నాను.

"నా మొహం వచ్చేవారం చూస్తారులే. కొయ్యి."

కోశాను. ఈసారి చెప్పి కోశాను.

ఆదివారం ప్రసారం చూడటానికి మమ్మల్ని చర్చికే రమ్మన్నారు. డీకన్‌గారి గొంతు పాటలోకి తిరిగొచ్చిందని నాకు తెలుసు, వాళ్ళకు చెప్పాం కూడా. అయినా చూసేదాకా నమ్మకం ఏమిటి? మా ఆయన కారు నడిపారు. చర్చి వెనక హాల్లో మడత కుర్చీలు వేసి ఉన్నాయి. ఎవరింట్లోంచో తెచ్చిన టీవీ బల్ల మీద ఉంది. పిల్లలూ పెద్దలూ కలిసి అరవై మంది దాకా ఉంటారు. వేయించిన కోడి వాసన. మా స్టేషన్ ఆ ఊళ్ళో సరిగ్గా అందేది కాదు, తెరంతా చుక్కలు. మా ఆయన ఇంజనీరింగ్ బుర్రంతా వాడి యాంటెన్నాను అటూ ఇటూ తిప్పారు. తన చెయ్యి దాని మీద ఉన్నప్పుడే బొమ్మ నిలుస్తోందని తేలింది. "కదలకు బాబూ!" అని హాలంతా అరిచారు. పాపం ఆ అరగంటా గోడకు ఆనుకుని, చెయ్యి పైకెత్తి, బొమ్మ చూడకుండా నిలబడ్డారు.

డీకన్‌గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పక్కన నన్ను కూర్చోబెట్టారు. తెర మీద మట్టిరోడ్డు, చర్చి, బల్లలు వచ్చాయి. ఎవరి మొహం కనపడితే వాళ్ళ పిల్లలు కేకలు వేశారు. తర్వాత తెర మీది డీకన్‌గారు లేచారు. ఆయన మొదటి చరణం ఇచ్చారు.

ఆగారు.

ఆ ఆగిన అరక్షణంలో, టీవీలోని జనం నోరు తెరిచేలోపే హాల్లో వెనకనుంచి పంతులమ్మగారి గొంతు లేచింది. వెంటనే ఇంకో గొంతు. అంతే, అరవై మందీ అందుకున్నారు. పిల్లలు కూడా. టీవీలోని పాట ఎటుపోయిందో వినపడలేదు. హెడ్‌ఫోన్స్‌లో విన్నది ఏపాటి! కూర్చున్న ఇనప కుర్చీ అదురుతోంది. నా ఎముకల్లోకి వస్తోంది పాట. ఆ పెట్టెలోంచి ఆయన ఇస్తున్నారు, ఈ హాలు పుచ్చుకుంటోంది. పదిసార్లు. మాటలు నాకు రావు, అయినా మూడో చరణానికి నేనూ నోరు తెరిచాను. అందించాక పాడటానికి ఏం కష్టం?

నాలుగో చరణం దగ్గర పక్కకు చూశాను. డీకన్‌గారు తెర వైపు చూడటం లేదు. కళ్ళు మూసుకున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తన గొంతు ఇచ్చే చరణం కోసం అందరిలాగే ఆగి, అందరితోపాటు పాడుతున్నారు. బొంగురు గొంతు, సగం మాటలు గాలే. మొహం మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

పాట అయ్యాక చాలాసేపటికి కళ్ళు తెరిచారు. నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"యాభై ఏళ్ళుగా ఇస్తున్నాను, డాటర్" అన్నారు. "నాకెవరైనా ఇవ్వడం ఇవాళే."